మళ్లీ ముద్ద కలిపే చెయ్యి

నరం చచ్చుబడి కొంకర్లు పోయిన వేళ్లకు, అదే చేతిలో బతికున్న కండరాన్ని మళ్లించి పని నేర్పే శస్త్రచికిత్సలివి. ఏ చేతికి ఏ పద్ధతి నప్పుతుంది? ఎందుకు?

పప్పన్నం కలిపి ముద్ద చేసేటప్పుడు మీ చేతిని ఒకసారి గమనించండి. వేళ్లు మొదళ్ల దగ్గర వంగుతాయి. పై కణుపులు మాత్రం ఇంచుమించు తిన్నగానే ఉంటాయి. నాలుగు వేళ్లూ దగ్గరికొచ్చి చిన్న గరిటెలా అవుతాయి. బొటనవేలు ఎదురొచ్చి ముద్దను అదుముతుంది, నోటి దగ్గరికి చేరాక వెనక నుంచి లోపలికి నెడుతుంది. అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న పని కాబట్టి దీని గురించి మనం జీవితంలో ఒక్కసారైనా ఆలోచించం.

ఈ పని ముంజేతిలోని పెద్ద కండరాలతో అయ్యేది కాదు. అరచేతి ఎముకల మధ్య ఒదిగి ఉండే చిన్న కండరాలు చేసే పని ఇది. వాటికి కబురు మోసేవి రెండు నరాలు. మోచేతి వెనక దెబ్బ తగిలితే కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటుందే, అక్కడి నుంచి దిగేది ఉల్నార్ నరం. మణికట్టు నడిమి నుంచి వచ్చేది మీడియన్ నరం. ఉల్నార్ చచ్చుబడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదట్లో వెనక్కి విరిగినట్టయి, కణుపుల దగ్గర ముందుకు ముడుచుకుంటాయి. మీడియన్ కూడా పోతే నాలుగు వేళ్లూ అలాగే కొంకర్లు పోతాయి, బొటనవేలు అరచేతి పక్కన పడుకుని ఎదురు రావడం మానేస్తుంది. అప్పుడు ముద్ద చేయబోతే మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. నమస్కారం పెట్టబోతే అరచేతులు కలవవు.

మన ఊళ్లలో దీన్నంతా ఒక్క మాటతో తేలుస్తారు: ‘నరం చచ్చింది’. తెలుగులో రక్తనాళమూ నరమే, మెదడు నుంచి ఆజ్ఞ మోసే తీగా నరమే, కండరాన్ని ఎముకకు కట్టే తెల్లటి పట్టీ కూడా నరమే. ఆ మూడో దాన్ని పాఠ్యపుస్తకాలు స్నాయుబంధనం అంటాయి, డాక్టర్లు టెండన్ అంటారు. ఈ కథనమంతా ఆ తెల్లటి పట్టీ గురించే. కబురు మోసే తీగ తెగిపోయినా పట్టీ చెక్కుచెదరకుండా ఉంటుంది. పక్కనే ఆరోగ్యంగా ఉన్న మరో కండరం పట్టీని దాని చోటి నుంచి విడదీసి, పనిచేయని వేలికి కుట్టేస్తే ఆ వేలు మళ్లీ కదులుతుంది. చెప్పడానికి ఇంతే. ఏ కండరాన్ని తీయాలి, ఏ దారిలో నడపాలి, ఎంత బిగించాలి అన్న మూడు ప్రశ్నల మీదే నూరేళ్లకు పైగా సర్జన్లు వాదించుకుంటూ వచ్చారు.

చెంగల్పట్టులో ఒక కరచాలనం

ఆస్ట్రియాకు చెందిన నికొలడోని 1880 ప్రాంతంలో పక్షవాతం వచ్చిన పాదానికి టెండన్ మార్పిడి చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటాలు తగిలి మణికట్టు వాలిపోయిన సైనికుల కోసం బ్రిటన్‌లో రాబర్ట్ జోన్స్ దాన్ని చేతికి తెచ్చాడు. అయితే కొంకర్లు పోయిన చేతికి అసలు పాఠశాల మాత్రం మన పొరుగున, చిత్తూరు జిల్లా దాటగానే తగిలే వేలూరు.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. డాక్టరు కాకముందు వడ్రంగం, ఇళ్లు కట్టే పని నేర్చుకున్నాడు. 1946 చివర్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జన్‌గా వచ్చాడు. కొద్ది నెలలకు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి వెళ్లాడు. దాన్ని నడిపే రాబర్ట్ కోక్రేన్ చర్మవ్యాధుల నిపుణుడు. తోటలో నడుస్తూ వేళ్లు ముడుచుకుపోయిన రోగుల్ని చూసి, వీళ్ల చేతులకు ఇంతవరకూ ఏం చేశారని బ్రాండ్ అడిగాడు. ఎముకల డాక్టర్లెవరూ ఇటువైపు చూడలేదని తెలిసింది. ఒక రోగి వేళ్ల మధ్య తన చేయి పెట్టి, గట్టిగా నొక్కమన్నాడు. ఆ నొక్కుడుకు బ్రాండ్ నొప్పితో విలవిల్లాడాడు. ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాదనుకున్న చేతిలో అంత బలం ఎక్కడిది?

కొన్నాళ్లకు దానికి జవాబు దొరికింది. చెంగల్పట్టులో ఒక రోగి చనిపోయాడని కబురు వస్తే వెళ్లి, రాత్రంతా కూర్చుని ఆ దేహంలోని నరాల్ని మొదలు నుంచి చివరిదాకా విప్పి చూశాడు. కుష్ఠు నరాన్ని ఎక్కడపడితే అక్కడ పాడు చేయడం లేదు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర, నరం చర్మానికి దగ్గరగా వచ్చి చల్లబడే చోట్ల మాత్రమే ఉబ్బి ఉంది. ఆ చోట్లకు పైనే కొమ్మలు అందుకున్న ముంజేతి కండరాలకు ఏమీ కాలేదు. అంటే అరచేతి చిన్న కండరాలు ఎండిపోయినా, ముంజేతిలో బలమైన మోటార్లు ఖాళీగా ఉన్నాయి. వాటి పట్టీలను వాడుకోవచ్చు. 1948లో మొదటి ఆపరేషన్ చేశాడు.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ముందు ఆ వడ్రంగమే గుర్తొస్తుంది. ఏ చెక్క ఎక్కడ పనికొస్తుందో, ఏది తీస్తే ఇల్లు కూలదో తెలిసినవాడి చూపు అది. టెండన్ మార్పిడిలో మొదటి ప్రశ్న కూడా అదే: ఈ చెయ్యి దేన్ని వదులుకోగలదు?

కొంకర్లకు నాలుగు మందులు

ముడుచుకున్న వేళ్లకు బ్రాండ్ మొదట వాడింది స్టైల్స్, బన్నెల్ అనే సర్జన్ల పద్ధతి. ఒక్కో వేలిని మడిచే కండరాలు రెండున్నాయి, పైపొరది ఒకటి, లోపొరది ఒకటి. లోపొరది ఉంటే చాలు, వేలు మడుస్తుంది. కాబట్టి పైపొర కండరం పట్టీని తీసి, నాలుగు పాయలుగా చీల్చి, అరచేతిలోంచి నడిపి వేళ్ల పక్కన కుడతారు. వేలు మొదట్లో వంగుతుంది, కణుపుల దగ్గర తిన్నగా అవుతుంది. ముద్ద చేసే భంగిమ వచ్చేస్తుంది. చూడగానే ముచ్చటేస్తుంది కూడా.

కొన్నేళ్ల తర్వాత దీని లోపం బయటపడింది. ఆ కండరం మరీ బలమైనది. కీళ్లు మెత్తగా సాగే చేతుల్లో అది వేలి నడిమి కణుపును వెనక్కి లాగేసి హంస మెడలా వంచేది. పట్టీ ఇచ్చిన వేలికీ సమస్యలొచ్చేవి. పైగా చేతి పట్టు ఏమీ పెరగదు, ఉన్న బలమే ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుంది.

అందుకని బ్రాండ్ చూపు మణికట్టు మీదకు మళ్లింది. మణికట్టును పైకి ఎత్తే కండరాలు ఒకటికి మించి ఉన్నాయి. అందులో ఒకదాన్ని తీసినా మణికట్టు లేస్తుంది. చిక్కల్లా ఆ పట్టీ వేళ్లదాకా అందకపోవడమే. కాలి పిక్కలో ప్లాంటారిస్ అనే సన్నటి పట్టీ ఉంటుంది, తీసేసినా నడకకు ఏ లోటూ రాదు. దాన్ని తెచ్చి నాలుగు తోకల తాడుగా అతికించి వేళ్లకు కట్టాడు. ఇది చేతికి కొత్త బలాన్ని తెచ్చే పద్ధతి. మణికట్టు కండరం వేళ్ల పనిలోకి దిగింది కాబట్టి పట్టు నిజంగానే పెరుగుతుంది. గొడ్డలి, పార, నాగలి పట్టుకునే చేతికి ఇది సరిపోయినంతగా మరోటి సరిపోదు. కానీ పని ఎక్కువ. కాలు కోయాలి, అతుకులు వేయాలి, నాలుగు తోకల్నీ ఒకే బిగువులో కట్టాలి. ఒకటి వదులైనా ఆ వేలు వెనకబడుతుంది. మణికట్టు ఎత్తే కండరానికి వేళ్లు వంచడం నేర్పడానికి ఓపికగల ఫిజియోథెరపిస్టు కావాలి.

బ్యూనస్ ఎయిరీస్‌కు చెందిన జాన్‌కొల్లి మూడో దారి చూపాడు. పైపొర పట్టీని వేలి మొదట్లో ఉండే గొట్టంలాంటి కప్పీ కింద నుంచి బయటికి తీసి, వెనక్కి మడిచి దానికదే కుట్టేశాడు. ఉచ్చు వేసినట్టన్నమాట. అందుకే దీన్ని లాసో అంటారు. అతుకు పట్టీ అక్కర్లేదు, ఆపరేషన్ త్వరగా అయిపోతుంది. వేలు మడిచే కండరంతో వేలినే మడిపిస్తున్నాం కాబట్టి మెదడు కూడా త్వరగా అర్థం చేసుకుంటుంది. సర్జన్లు, థెరపిస్టులు కొరతగా ఉన్న చోట ఇదే ఆదుకుంటుంది. అయితే ఇది వేలిని మొదట్లో వంచుతుందే కాని కణుపును స్వయంగా తిన్నగా చేయదు. ఆ పని వేళ్లు చాపే కండరాలు చేసుకోవాలి. అందుకే ముందు ఒక పరీక్ష చేస్తారు. వేలి మొదలు వెనక్కి పోకుండా డాక్టరు తన వేలితో ఆపి, ఇప్పుడు చాపమంటారు. కణుపు తిన్నగా అయితే లాసో పనిచేస్తుంది. కాకపోతే వేళ్ల పక్కన కుట్టే పద్ధతులే దిక్కు.

ఇక నాలుగోది ముంబయి ప్లాస్టిక్ సర్జన్ నోషిర్ ఆంటియా వాడుకలోకి తెచ్చినది. బొటనవేలు, చిటికెన వేలు కలిపి మణికట్టు కొంచెం వంచండి. మధ్యలో సన్నటి తాడులా ఒకటి పైకి తేలుతుంది. అది పామారిస్ లాంగస్. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా వాళ్లకు ఏ లోటూ తెలియదు. దాని పట్టీకి అతుకేసి నాలుగు వేళ్లకు కట్టడమే ఈ పద్ధతి. ఇచ్చే చెయ్యి నష్టపోయేది ఏమీ లేదు. కానీ ఆ కండరం బలం కూడా తక్కువే. వేళ్లు మెత్తగా ఉండి, బరువు పనులు చేయని వారికి, వంకర తగ్గి చెయ్యి చూడ్డానికి మామూలుగా ఉంటే చాలనుకునే వారికి ఇది చక్కగా సరిపోతుంది. రోగం కన్నా చెయ్యి చూసే జనం కళ్లే ఎక్కువ బాధపెట్టిన మనిషికి అది చిన్న లాభం కాదు.

ఈ నాలుగింటిలో గొప్పదేదని అడగడం నా ఉద్దేశంలో తప్పు ప్రశ్న. నిజామాబాద్ జిల్లాలో రోజంతా బీడీలు చుట్టే ఆమెకు కావలసింది తునికాకు జారిపోకుండా పట్టుకునే నేర్పు. పొలం పనికి వెళ్లే మనిషికి కావలసింది పట్టు. ఇద్దరి వేళ్లూ ఒకేలా ముడుచుకున్నా ఇద్దరికీ ఒకే ఆపరేషన్ చేస్తే ఒకరికి అన్యాయం జరిగినట్టే. రోగి ఏ పని చేసి బతుకుతున్నాడని అడగకుండా కత్తి పట్టే సర్జన్ సగం పరీక్ష వదిలేసినట్టు.

ఒక జాగ్రత్త మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఉల్నార్ నరం మోచేతికి పైన తెగితే ఉంగరపు, చిటికెన వేళ్ల లోపొర కండరం కూడా పోతుంది. ఆ వేళ్ల పైపొర పట్టీని అప్పుడు తీశారో, ఆ వేలు మడవడానికి ఇక ఏమీ మిగలదు.

బొటనవేలు ఎదురు రావాలంటే

మీడియన్ నరం పోయిన చేతికి బొటనవేలే సమస్య. బన్నెల్ పద్ధతిలో ఉంగరపు వేలి పైపొర పట్టీని చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర కప్పీలాంటి ఉచ్చులోంచి తిప్పి బొటనవేలికి కడతారు. లాగే దిశ సరిగ్గా రావడానికే ఆ తిప్పుడు. బలమైన పద్ధతి ఇది. కాకపోతే ఉంగరపు వేలు పట్టులో కొంత భాగం వదులుకోవాలి. చూపుడు వేలికి చాపే పట్టీలు రెండుంటాయి. అందులో సొంతదాన్ని తీసి మణికట్టు చుట్టూ తిప్పి తెస్తే పట్టు ఏమాత్రం తగ్గదు, బలం మాత్రం కాస్త తక్కువ. మణికట్టు దగ్గర నరం ఏళ్ల తరబడి నలిగి బొటనవేలి కండ కరిగిపోయిన పెద్దవాళ్లకు, ఆ నొక్కుడు తీసే ఆపరేషన్లోనే పామారిస్ పట్టీని వాడే కామిట్జ్ పద్ధతి 1929 నుంచి ఉంది. అది బొటనవేలిని పైకి లేపుతుంది, పూర్తిగా ఎదురు తిప్పలేదు. గ్లాసు పట్టుకోవడానికి చాలు.

వాలిన మణికట్టు

మణికట్టు ఎత్తే, వేళ్లు చాపే కండరాలకు కబురు మోసే రేడియల్ నరం కథ వేరు. బైకు ప్రమాదంలో భుజం కింది ఎముక విరిగినప్పుడు దాన్ని చుట్టుకుని వెళ్లే ఈ నరం దెబ్బతింటుంది. కుర్చీ వీపు మీద చేయి వేలాడేసి మత్తులో నిద్రపోయిన వాళ్లకూ మర్నాడు మణికట్టు వాలిపోతుంది. ఇందులో ఎక్కువమందికి నరం తనంతట తానే కోలుకుంటుంది. నరం మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అందుకే మూడు నాలుగు నెలలు చేతికి ఆసరాగా కట్టు కట్టి ఎదురుచూడటం వైద్యమే అవుతుంది.

కోలుకోకపోతే ముంజేతిని తిప్పే ప్రొనేటర్ టెరిస్ కండరాన్ని మణికట్టు ఎత్తే పట్టీకి కలుపుతారు. ఈ విషయంలో సర్జన్లందరిదీ ఇంచుమించు ఒకే మాట. తేడా అంతా వేళ్లు చాపడానికి ఏ కండరం తీయాలన్న దగ్గరే. జోన్స్ కాలం నుంచి మణికట్టును చిటికెన వేలి వైపు వంచే కండరాన్ని తీసేవారు. సుత్తి కొట్టినా, కొడవలి విసిరినా, బట్టలు బండకేసి ఉతికినా మణికట్టు వంగేది ఆ వైపుకే. దాన్ని తీసేస్తే మణికట్టు బొటనవేలి వైపుకు ఒరిగిపోతుంది. ఒంటి కష్టం మీద బతికే వారికి బొటనవేలి వైపు కండరాన్ని తీయడమే మేలని తర్వాతి తరం తేల్చింది. నేనూ ఆ పక్షమే.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. మణికట్టు కండరం పట్టీ సుమారు 33 మిల్లీమీటర్లు జరుగుతుంది, వేళ్లు పూర్తిగా చాపడానికి 50 కావాలి, పూర్తిగా మడవడానికి 70. మరి 33తో 50 పని ఎలా? మణికట్టును కొంచెం కిందికి వంచితే వేళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి, కావాలంటే ఇప్పుడే వంచి చూడండి. మిగిలిన లోటును ఆ వంపు పూడుస్తుంది. అమెరికన్ సర్జన్ బోయెస్ ఈ వంపు అవసరం కూడా లేకుండా, 70 జరిగే పైపొర పట్టీలను వేళ్లు చాపడానికి వాడాడు. మణికట్టు ఎత్తి ఉంచే వేళ్లు చాపవచ్చు. బదులుగా పట్టు కొంత తగ్గుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా రేడియల్ చేతికే ఫలితాలు అన్నిటికన్నా బాగుంటాయి. ముఖ్య కారణం, వేళ్ల కొసల్లో స్పర్శ పోలేదు.

స్పర్శ లేని చెయ్యి

ఆ తేడాను బ్రాండ్ కళ్లారా చూశాడు. తుప్పు పట్టిన తాళం తనకు తిరగకపోతే కుష్ఠు సోకిన ఒక పిల్లవాడు వచ్చి సులువుగా తిప్పేశాడు. తర్వాత చూస్తే వేలు ఎముకదాకా తెగి నెత్తురు కారుతోంది, ఆ పిల్లవాడికి తెలియదు. రాత్రుళ్లు రోగుల వేళ్లు పొట్టివైపోతుంటే కుష్ఠు తినేస్తోందనుకున్నారు. కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి. నొప్పి తెలియక వాళ్లు లేవడం లేదు. అప్పటి నుంచి ఇంటికి వెళ్లే రోగికి ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు.

వేళ్లు తిన్నగా చేసినంత మాత్రాన కథ ముగియదని వేలూరు నేర్పిన పాఠం ఇదే. ఆపరేషన్ అయి ఊరికి వెళ్లిన ఒకతను తిరిగొచ్చి, ఈ చేతులు బిచ్చానికి పనికిరావని మొరపెట్టుకున్నాడు. వంకర చేతిని చూసి పైసా వేసేవాళ్లు, తిన్నగా అయ్యాక వేయడం లేదు. పనేమో ఎవరూ ఇవ్వరు. అందుకే బ్రాండ్ బృందం కాలేజీ ఆవరణలోనే చిన్న ఊరిలాంటిది కట్టి, బాగైన చేతులకు వడ్రంగం నేర్పింది. రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే ఈ చేతులకు ఆపరేషన్లు చేసిందీ వేలూరులోనే.

మార్చిన కండరం ఎప్పుడూ కొంత బలం కోల్పోతుంది. సున్నా నుంచి ఐదు దాకా కొలిస్తే ఒక మెట్టు దిగుతుంది. అందుకే బలం నాలుగు కన్నా తక్కువున్న కండరాన్ని తీయరు. బిగిసిపోయిన కీలును ఏ పట్టీ లాగలేదు, కాబట్టి ముందు వారాల తరబడి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వేళ్లను మెత్తబరచాలి. ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు వారాలు కట్టులో ఉంచి, ఆపై రోజూ సాధన. స్పర్శ లేని చేతికి కళ్లే వేలి కొసలు, ప్రతి కదలికా చూసుకుంటూ నేర్చుకోవాలి. కెనడా సర్జన్ లలోండ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో ఇప్పుడు మత్తు లేకుండా, చేతికి మాత్రమే తిమ్మిరి సూది ఇచ్చి చేస్తున్నారు. సర్జన్ ముడి వేసే ముందు వేలు కదపమంటాడు. బిగువు ఎక్కువైందో తక్కువైందో అక్కడే తేలిపోతుంది.

నరానికి నరం అతికించే కొత్త శస్త్రచికిత్సలూ వచ్చాయి. మంచివే, కానీ వాటికి గడువుంది. కబురు అందని కండరం ఏడాది, ఏడాదిన్నరలో ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత నరం తెచ్చి అతికినా లేవదు. టెండన్ మార్పిడికి ఆ గడువు లేదు. కీళ్లు మెత్తగా ఉంటే ఏళ్ల తర్వాతా చేయవచ్చు. ఊళ్లో ఆలస్యంగా తెలుసుకున్న మనిషికి ఇంతకన్నా దయగల వైద్యం నాకు కనిపించలేదు.

ఈ మాట ఇంటింటికీ చేరాలి

జాతీయ స్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేదని దేశం 2005 డిసెంబరులో ప్రకటించుకుంది. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. వంకర సరిచేసే శస్త్రచికిత్స ప్రభుత్వ కార్యక్రమం కింద చేస్తారు, ఆ రోజుల కూలి నష్టానికి రోగికి కొంత డబ్బు కూడా ఇస్తారు. విజయనగరం ప్రాంతపు సాలూరు కుష్ఠు ఆసుపత్రి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రి ఈ రోగుల కోసం పుట్టినవే. అయినా ‘పెద్ద రోగం’ అన్న పాత మాటకు భయపడి చేతిని కొంగు చాటున, కండువా చాటున దాచుకునే వాళ్లు మన మధ్య ఉన్నారు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా చిటికెన వేలు పక్కకు పోతున్నా, రెండు వేళ్ల మధ్య కాగితం పట్టుకుంటే జారిపోతున్నా, పొయ్యి దగ్గర కాలిన సంగతి తర్వాత బొబ్బ చూసి తెలుసుకుంటున్నా, ఆశా కార్యకర్తకు చెప్పండి. నరం చచ్చుబడి ఆరు నెలలు దాటకపోతే మాత్రలతోనే తిరిగి రావచ్చు. దాటిపోయి ఏళ్లయినా సరే, ముడుచుకున్న వేలిని మరో చేత్తో తిన్నగా చేస్తే తిన్నగా అవుతోందా? అయితే ఆ చేతికి ఆపరేషన్ అవకాశం ఉంది. వారిని ఒంటరిగా పంపకుండా వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.